నీటివెంట వెడలిపోవు మెగ్నీషియము
పోర్ట్‌లీష్ పొలములు నేర్పు పాఠము



పూర్వము మన సీమలలో చవుటిమన్నును అడుగున చిల్లిగల కుండలో నింపి, దానిపై నీరు పోసి, క్రింద కారిన నీటిని కాచి ఉప్పు తీయుచుండిరి. మన్ను కుండలోనే నిలుచును. దానిలోని ఉప్పు మాత్రము నీటితో వెడలును. వానకాలమున మన పొలములందు జరుగు పనియు నిట్టిదే. నేల యొక పెద్ద కుండ. వాన పైనుండి పోయు నీరు. ఆ నీటిలో కరగి క్రిందికి దిగిపోవునది నేల సారము. దీనికి శాస్త్రజ్ఞులు క్షాళనమని పేరిడిరి. మన్ను కొట్టుకొనిపోయిన యెడల నీరు ఎఱ్ఱబడి మనలను హెచ్చరించును. క్షాళనమునకు అట్టి హెచ్చరిక లేదు. కారు నీరు తేటగానే యుండును. నష్టము మాత్రము ఏటేట పెరుగును.

ఇట్లు పోవు పదార్థములలో మెగ్నీషియము ఒకటి. నత్రజని, భాస్వరము, పొటాషియము అను మూటి పేర్లు ఎరువు బస్తాల మూలమున తోటలలో పనిచేయువారందరు నెఱుగుదురు. ఈ నాలుగవదాని పేరు అంతగా వినబడదు. ఒకే వాన కురిసినను ఒక నేల దీనిని ఎక్కువగాను, వేరొక నేల తక్కువగాను ఎందుకు విడుచుచున్నదో తెలిసికొనుటకు ఐర్లండు దేశములోని పోర్ట్‌లీష్ పరిసరములు మిక్కిలి అనుకూలముగా నున్నవి. ఏలయనగా పచ్చికబయళ్లు, దుక్కిపొలములు, నాటి పెంచిన అడవులు, పీటుబురదలు అను నాలుగు విధముల నేలలు ఆ పట్టణము చుట్టును కొద్ది మైళ్లలోనే కలవు.

ఊరు, దాని పేరు

పోర్ట్‌లీష్ ఐర్లండు నడిసీమలో, లీష్ కౌంటీకి ముఖ్యపట్టణము. ఆ పేరునకు లీష్ కోట యని యర్థము. తోటలలో జీవించు మనకు ఆ యూరి చరిత్ర యొక సంగతి తెలుపును. 1556లో ఇంగ్లండు రాణి మేరీ కాలమున, అచ్చటి ఐరిషు వంశములవారి భూములను గైకొని ఇంగ్లండునుండి వచ్చినవారికి ఇచ్చుటకు చట్టము చేసిరి. మనుష్యులను మొక్కలవలె తెచ్చి కొత్తనేలలో పాతుట గనుక ఆ కార్యమును ప్లాంటేషను అనిరి. తేయాకు, రబ్బరు తోటలకు మనము వాడు మాట యిదియే. కౌంటీకి క్వీన్స్ కౌంటీ యనియు, పట్టణమునకు మేరీబరో యనియు రాణి స్మారకముగా పేరులు పెట్టిరి. ఐర్లండు స్వపరిపాలన పొందిన పిమ్మట, 1929లో పట్టణము మరల తన ఐరిషు పేరు దాల్చెను.

ఊరి గుండ ట్రయోగ్ అను చిన్న యేరు ప్రవహించి బారో నదిలో కలియును. పల్లపు భూములక్రింద సున్నపురాయి పఱచుకొని యున్నది. పడమటి దిక్కున స్లీవ్ బ్లూమ్ కొండలు లేచియున్నవి. అచ్చటి రాయి ఎఱ్ఱనియిసుకరాయి, పైనేల పులుపు గలది. కనుక ఒకే మేఘము కురిసిన నీరు ఒక చోట సున్నముగల నేలను, వేరొక చోట పుల్లని నేలను కడిగి, తుదకు నదిలో కలిసికొనును.

మెగ్నీషియముతో నేమి పని?

ఆకు పచ్చగా నుండుటకు కారణమైన పదార్థమునకు పత్రహరితము, అనగా క్లోరోఫిల్లు, అని పేరు. దాని ప్రతి యణువు నడుమ ఒక మెగ్నీషియము పరమాణువు కూర్చుండి యుండును. ఇట్టి వృక్షవర్ణములపై చేసిన పరిశోధనకుగాను జర్మనీ దేశపు రిచర్డ్ విల్‌స్టేటర్ 1915లో నోబెల్ బహుమానము పొందెను. మెగ్నీషియము చాలనిచో ఆకు సూర్యకాంతిని పట్టి ఆహారము చేయజాలదు. కొఱత కలిగినప్పుడు చెట్టు తన ముదురాకులలోని మెగ్నీషియమును తీసి లేతాకులకు పంపును. తల్లి తన పాలు మాని బిడ్డకు పోయునట్లు. అందుచే ముదురాకులే ముందుగా పసుపుబాఱును. ఈనెలు పచ్చగా నుండి, వాని నడుమ భాగము పాలిపోవుట దీని గుర్తు.

సున్నమును మెగ్నీషియమును చాల కాలము జనులు ఒకటిగానే యెంచిరి. 1755లో జోసెఫ్ బ్లాక్ అను రసాయనవేత్త అవి వేర్వేరు పదార్థములని స్పష్టపఱచెను. ఆయన తండ్రి బెల్‌ఫాస్టు పట్టణపువాడు.

నేల దానిని ఎట్లు పట్టియుంచును?

ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమకు చెందిన హెచ్. ఎస్. థాంప్సన్ అను భూస్వామి మట్టి నింపిన గొట్టములో అమోనియం సల్ఫేటు కలిపిన నీటిని పోసి చూచెను. క్రింద కారిన నీటిలో అమోనియా మిక్కిలి తగ్గెను; దానికి బదులుగా సున్నముతో కూడిన సల్ఫేటు వచ్చెను. 1850లో ఈ సంగతి ప్రకటింపబడెను, జె. టి. వే అను రసాయనవేత్త దానిని మఱింత శోధించెను. నేల ఒకదానిని చేర్చుకొని వేరొకదానిని విడుచునని లోకమునకు తెలిసినది అప్పుడే.

దీని మర్మమిది. బంకమట్టి రేణువులకును, కుళ్ళిన ఆకుమట్టికిని పైన ఋణవిద్యుత్తు ఉండును. సున్నములోని కాల్షియము, మెగ్నీషియము, పొటాషియము, అమోనియము అనువాని కణములకు ధనవిద్యుత్తు కలదు. కనుక అవి మట్టి రేణువులను అంటిపెట్టుకొని యుండును. మట్టి రేణువును సత్రపు అరుగని తలంతుము. అరుగుమీది చోటులు పరిమితములు. ఒకడు లేచుటకు వేరొకడు వచ్చి ఆ చోటున కూర్చుండవలెను. పులుపు పుట్టించు హైడ్రోజను గాని, ఎరువులోని పొటాషియము గాని, చల్లిన సున్నములోని కాల్షియము గాని వచ్చి కూర్చున్నచో మెగ్నీషియము లేచి నీటిలోనికి దిగును. మెగ్నీషియపు కణము తన చుట్టు నీటిని దట్టముగా కప్పుకొని యుండును గనుక కాల్షియమంత గట్టిగా అరుగును పట్టుకొనజాలదు.

అయితే లేచిన మాత్రమున అది పొలము దాటిపోదు. ధనకణము నీటిలో ఒంటరిగా ప్రయాణము చేయజాలదు. దానికి ఋణకణమొకటి తోడు కావలెను. నైట్రేటు, సల్ఫేటు, క్లోరైడు, బైకార్బొనేటు అనునవి అట్టి తోడులు. వీనిలో నైట్రేటును మట్టి పట్టియుంచలేదు. వేళ్లు దానిని త్రాగనిచో నీటితో దిగిపోవును, పోవుచు కాల్షియమును మెగ్నీషియమును వెంటబెట్టుకొని పోవును. చదువరులు ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొనవలెను: మెగ్నీషియము తనంత తాను పోదు; చెట్టు వాడుకొనక మిగిలినదేదో దానిని తోడ్కొనిపోవును.

ఎంత పోవును?

ఐర్లండు తూర్పుసగములో ఏటికి 750 మొదలు 1000 మిల్లీమీటర్ల వఱకు వాన కురియును. వేసవిలో గడ్డి యా నీటిని చాలవఱకు పీల్చి ఆవిరిగా విడుచును. అక్టోబరునుండి మార్చి వఱకు ఎండ తక్కువ, పెరుగుదల తక్కువ. అప్పటి నీరు నేలలోనికి దిగిపోవును. ఒక లెక్క చూడుడు. ఒక మిల్లీమీటరు నీరు ఒక హెక్టారు నేలపై 10,000 లీటర్లగును. 400 మిల్లీమీటర్లు దిగిపోయెననుకొన్నచో అది 40 లక్షల లీటర్లు. లీటరు ఒక్కింటికి 5 మిల్లీగ్రాముల మెగ్నీషియము చొప్పున కరగి పోయినచో ఆ హెక్టారు ఆ యేడు కోల్పోవునది 20 కిలోగ్రాములు. ఒక్క లీటరులో నాలుకకు తెలియనంత స్వల్పము. ఏడాదికి ఒక బస్తాలో చెప్పుకొనదగిన భాగము.

నాలుగు నేలలు

మొదటిది పచ్చిక. లీష్ కౌంటీలో అధికభాగము గడ్డినేల. గడ్డివేళ్లు ఏడాది పొడుగున సజీవముగా నుండి నైట్రేటును పట్టుకొనుచుండును. కనుక పచ్చిక సాధారణముగా తక్కువ విడుచును. అయినను దానికొక బలహీనత కలదు. ఆవు పంచితము పడిన చిన్న తావున నత్రజని హెక్టారు లెక్కకు 500 కిలోగ్రాములకు మించియుండుట సామాన్యము. అంత నత్రజనిని అచ్చటి గడ్డి తినలేదు. పైగా పంచితములోని పొటాషియము వచ్చి అరుగుమీద కూర్చుండి మెగ్నీషియమును లేపును. నైట్రేటు దానిని తోడ్కొనిపోవును. ఆకురాలు కాలమున పడిన పంచితము ఎక్కువ నష్టము చేయును, ఏలయనగా వెంటనే శీతకాలపు వానలు వచ్చును.

రెండవది దుక్కిపొలము. ఈ సీమలో బార్లీ పండింతురు. కోత ముగిసిన పిమ్మట నేలను దున్ని వట్టిగా విడిచినచో, తడియు వెచ్చదనమును గల మట్టిలో సూక్ష్మజీవులు పాత జీవాంశమును నైట్రేటుగా మార్చును. త్రాగుటకు వేరు లేదు. ఇంగ్లండులోని రాథామ్‌స్టెడ్ క్షేత్రమున 1870లో పంటలేని నేలక్రింద నీరు పట్టుటకు తొట్లు కట్టిరి. ఎరువు వేయకున్నను ఆ వట్టినేల యేండ్లకొలది నైట్రేటును కార్చుచునే యుండెను. వేసిన ఎరువు ఎక్కువైనందువలననే నష్టమని యెంచువారికి ఆ తొట్లు మంచి జవాబు.

మూడవది నాటిన అడవి. స్లీవ్ బ్లూమ్ కొండలమీద అమెరికా పడమటి తీరమునుండి వచ్చిన సిట్కా స్ప్రూస్ అను సూదియాకు చెట్లు విస్తారముగా నాటబడినవి. ఐర్లండు ప్రభుత్వపు అడవుల కంపెనీ యైన కోయిల్టె 1989లో ఏర్పడెను. సూదియాకులు గాలిలోని పులుపును, సముద్రపు ఉప్పును దువ్వెనవలె దువ్వి పట్టుకొని నేలకు దింపును. సముద్రపు ఉప్పులో మెగ్నీషియమును కలదు గనుక కొంత లాభమును ఉన్నది. కాని పులుపు వలన అరుగుమీది మెగ్నీషియము లేచిపోవును. 1980 తరువాతి యేండ్లలో జర్మనీ కొండలలోని స్ప్రూస్ చెట్ల పాతసూదులు పసుపుబాఱుటకు మెగ్నీషియపు కొఱత యొక ముఖ్యకారణమని తేలెను. అడవిని ఒక్కమారుగా నఱకినచో నష్టము మఱింత. అమెరికాలోని న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున హబ్బర్డ్ బ్రూక్ అనుచోట 1965లో ఒక కొండవాగు పరీవాహములోని చెట్లన్నిటిని నఱకి, అచ్చటనే పడవేసి, మరల మొలవకుండ మందు చల్లిరి. ఆ వాగు నీటిలో నైట్రేటు మిక్కుటముగా పెరిగెను. దానితోపాటు కాల్షియమును మెగ్నీషియమును అనేక రెట్లు పెరిగెను. ఒక్క కఱ్ఱయు బయటికి కొనిపోలేదు. సారమును కొనిపోయినది నీరే.

నాలుగవది పీటుబురద. వేల యేండ్లుగా నాచు పూర్తిగా కుళ్ళక పేరుకొని యేర్పడిన మెత్తని నేలకు పీటు అని పేరు. ఎండబెట్టి వంటచెఱకుగా కాల్చెడివారు. ఎత్తైన బురదల పైపొరకు వానతప్ప వేరు ఆహారము లేదు. రాతితో దానికి సంబంధము తెగిపోయినది. దానిలోని నాచు వాననీటిలోని మెగ్నీషియమును చేర్చుకొని బదులుగా పులుపును విడుచును. ఇచ్చిపుచ్చుకొనుటలో ఇంత పిసినారి నేల వేరొకటి లేదు. అయితే కాలువలు త్రవ్వి నీరు తీసినప్పుడు పీటులోనికి గాలి చొరబడి కుళ్ళుట ఆరంభమగును; కట్టియుంచిన సారము కాలువలపాలగును. పోర్ట్‌లీష్ సమీపమున కూల్నమోనా బురదలో, 1946లో స్థాపింపబడిన బోర్డ్ న మోనా అను ప్రభుత్వ కంపెనీ పీటు తీసెను. పీటు తీయు పనిని ముగించితిమని ఆ కంపెనీ 2021 జనవరిలో ప్రకటించెను. దక్షిణమున అబీలీక్స్ ఊరి బురదలో 1980 తరువాతి యేండ్లలో కాలువలు త్రవ్వబడెను; ఊరివారు పీటు తీయుటను అడ్డగించిరి; 2009లో ఆ కాలువలకు అడ్డుకట్టలు వేసి నీటిని మరల నిలిపిరి.

నష్టము ఎవరిని తాకును?

పోయిన మెగ్నీషియమునకు మూల్యము చెల్లించునది పొలము మాత్రమే కాదు. వసంతమున, ఈనిన క్రొత్తలో, మిక్కిలి పచ్చని లేతగడ్డి మేయుచున్న పాడియావు ఉన్నట్లుండి వణకి, తూలి, క్రిందపడి, కాళ్లు కొట్టుకొని కొన్ని గంటలలో చచ్చుట కలదు. ఆవు మేతలేక చచ్చినదని చెప్పుటకు వీలులేదు. కడుపునిండ గడ్డియే యున్నది. 1930లో హాలండు దేశపు స్యోలెమా అను శాస్త్రజ్ఞుడు ఇట్టి ఆవుల రక్తములో మెగ్నీషియము మిక్కిలి తగ్గియుండునని చూపెను. పాలతో ప్రతిదినము మెగ్నీషియము వెడలిపోవును. ఎముకలలో కొంత యున్నను, అవసరమునకు వెంటనే తీసికొనుటకు పెద్దయావునకు శక్యము కాదు. నేటి మేతలో వచ్చినదే నేటికి దిక్కు. పొటాషియము, నత్రజని మెండుగా వేసిన లేతగడ్డిలో మెగ్నీషియము తక్కువ. ఉన్న కొంచెమును ఆవు కడుపునకు అంటనీయకుండ ఆ పొటాషియమే అడ్డుపడును.

ఐర్లండు రైతులు ఆ దినములలో ఒక్కొక్క ఆవునకు రోజుకు 60 గ్రాముల కాల్చిన మాగ్నసైటు పొడిని మేతతో నిత్తురు. మాగ్నసైటు మనకు క్రొత్తది కాదు. సేలము పట్టణము దగ్గరి తెల్లకొండలలో త్రవ్వునది అదియే. ఒక్క ఆవే ఆధారమైన యింటికి 60 గ్రాముల పొడి యెంతటి రక్షణయో వేరుగ చెప్పనక్కఱలేదు.

నివారణ

నేలకు తిరిగి మెగ్నీషియము నిచ్చుట యొక మార్గము. సున్నపురాయిలో రెండు విధములు కలవు. ఒకటి కేవలము కాల్షియముగలది. రెండవది మెగ్నీషియమును కూడ గల డోలమైటు. పుల్లని నేలకు మొదటిదానినే మరల మరల చల్లినచో పులుపు తగ్గును గాని, కాల్షియము అరుగుమీది చోటులన్నిటిని ఆక్రమించి మెగ్నీషియమును తరిమివేయవచ్చును. మట్టి పరీక్షలో కొఱత కనబడినచోట డోలమైటు పొడి చల్లుట మేలు. తెలుగునాట ఖమ్మం సీమలోని మాధారమున డోలమైటు గని కలదు; విశాఖ ఉక్కు కర్మాగారమునకు అచ్చటి రాయి పోవును.

పోకుండ నాపుట రెండవ మార్గము, ఇదియే చవుక. కోత కాగానే నేలపై ఏదో యొక పచ్చనిపంట మొలిపించినచో దాని వేళ్లు నైట్రేటును త్రాగును. తోడు లేనందున మెగ్నీషియమును నిలుచును. ఐరోపా దేశములు నైట్రేటును గూర్చి 1991లో ఒక శాసనము చేసికొనెను. దాని ననుసరించి ఐర్లండులో శీతకాలమున పేడనీరు చల్లరాదనియు, దున్నిన నేలపై పచ్చదన ముండవలెననియు నియమములు కలవు. నదినీరు చెడకుండ చేసిన ఆ నియమములు నేల సారమును కూడ కాపాడును.

మన తోటల సంగతి

పోర్ట్‌లీష్ వాన మన తోటల వానముందు సన్నని తుంపర. మలేషియాలో బాగాన్ దాతో మొదలగు చోట్ల తెలుగువారు తరతరములుగా పనిచేసిన తోటలందును, అస్సాము తేయాకు తోటలందును, సింహళపు కొండలందును ఏటికి దానికి రెండు మూడు రెట్లు వాన కురియును. ఎండ వేడిమికి ఆకుమట్టి త్వరగా కుళ్ళి నైట్రేటుగా మాఱును. కనుక క్షాళనము ఇచ్చట మఱింత వడిగా జరుగును. పామాయిలు చెట్టు క్రింది మట్టలు ఎండతగిలిన వైపున నారింజరంగు తిరుగుట మెగ్నీషియపు కొఱతయని మలేషియా తోటలవారెఱుగుదురు. అందులకు కీసెరైటు అను మెగ్నీషియపు ఎరువు వేయుదురు. సింహళపు తేయాకు తోటలలో డోలమైటు చల్లుదురు. అరకు కొండలలో కాఫీకి నీడనిచ్చు సిల్వర్ ఓక్ చెట్లు లోతైన వేళ్లతో జాఱిపోవుచున్న సారమును పైకి తెచ్చి ఆకులుగా రాల్చును. ఆ నీడ కాఫీకి గొడుగు మాత్రమే కాదు, నేలకు వలయును.

తోటకు ఏ యెరువు వేయవలెనో నిర్ణయించునది పనివాడు కాదు. కాని పామాయిలు మట్ట రంగు మాఱుటను మొదట చూచునది దానిని నఱకు చేయి. ముదురాకు పాలిపోవుటను మొదట చూచునది ఆకు గిల్లు చేయి. ఆకు పలచబడినచో బుట్ట నిండదు. తూకము తగ్గినచో కూలి తగ్గును. కనుక చూచినదానిని మేస్త్రీతో చెప్పుట మీ బువ్వను మీరు కాపాడుకొనుటయే. ఏ వరుసలో, ఏ చెట్టుకు, ముదురాకా లేతాకా యని గుర్తుపెట్టి చెప్పుడు. ముదురాకునకు వచ్చిన పసుపు ఒక కొఱతను, లేతాకునకు వచ్చిన పసుపు వేరొక కొఱతను తెలుపును.

ఇక లైనుయింటి వెనుకనున్న పెరటికి మీరే యజమానులు. అచ్చట నాలుగు పనులు చేయవచ్చును. వానకాలమున మడిని వట్టిగా నుంచక, తోటకూరయో అలసందయో చల్లియుంచుడు. పేడయెరువును పెద్దవానలకు ముందు ఒక్కమారుగా గాక, మొక్క పెరుగుచున్నప్పుడు కొంచెము కొంచెముగా వేయుడు. పొయ్యిలోని కట్టెబూడిదలో సున్నముతోపాటు మెగ్నీషియమును కొంత కలదు. దానిని గాలిపాలు చేయక కూరమళ్లకు పలుచగా చల్లుడు, తేయాకు మొదట మాత్రము వేయకుడు, తేయాకునకు పుల్లని నేలయే ప్రీతి. రాలిన ఆకును కాల్చక మొదళ్లలో కప్పుడు.

వానను ఆపుట ఎవరికిని శక్యము కాదు. పోర్ట్‌లీష్ రైతునకును కాదు, మనకును కాదు. వాన వచ్చునప్పటికి నేలలో బ్రతికియున్న వేరు ఉండునట్లు చూచుకొనుట మాత్రము మన చేతిలోనిది.